కొత్త రక్తనాళాల పెరుగుదలపై ప్రయోగాలు: గుంటూరు, విజయవాడ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎం.ఫార్మసీ, ఎంఎస్సీ బయోటెక్నాలజీ ప్రాజెక్టుల కోసం ఆంజియోజెనిసిస్ పరీక్షలు మొదలుపెట్టేవాళ్ల కోసం ఈ పేజీ. ప్రోటోకాల్ పుస్తకాల్లో రాసే కొలతలు చాలావరకు చల్లటి దేశాల ల్యాబులను దృష్టిలో పెట్టుకున్నవి. మన ఎండలకు, మన కరెంటుకు, మనకు దొరికే గుడ్లకు వాటిని ఎలా సర్దుకోవాలో ఇక్కడ వివరంగా రాశాం.

ఆంజియోజెనిసిస్ అంటే ఏమిటి? ఏ పరీక్ష దేన్ని కొలుస్తుంది?

అప్పటికే ఉన్న రక్తనాళం నుంచి కొత్త కొమ్మ పుట్టడమే ఆంజియోజెనిసిస్. నాళం లోపలి గోడలో ఉండే ఎండోథీలియల్ కణాలు ముందుగా తమ కింది పొరను కరిగిస్తాయి. తర్వాత వీఈజీఎఫ్ (నాళాలను పెంచే ప్రోటీన్) లాంటి సంకేతం వచ్చే వైపు కదులుతాయి, విభజన చెందుతాయి, గొట్టంలా అమరుతాయి. చివరికి పెరిసైట్లు అనే కణాలు వచ్చి ఆ గొట్టాన్ని చుట్టి గట్టిపరుస్తాయి. కణితి పెరగాలంటే దానికి కొత్త నాళాలు కావాలని, వాటిని ఆపితే కణితిని కట్టడి చేయవచ్చని అమెరికన్ సర్జన్ జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించారు. వీఈజీఎఫ్‌ను పట్టి ఆపే బెవాసిజుమాబ్ అనే క్యాన్సర్ మందుకు అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది.

ఎంటీటీ పరీక్ష కణాల సంఖ్యను (సరిగ్గా చెప్పాలంటే బతికున్న కణాల జీవక్రియను), స్క్రాచ్ పరీక్ష కదలికను, మాట్రిజెల్ (కణాలను పరిచే జెల్) పరీక్ష గొట్టాల అమరికను చూపుతాయి. ఈ దశలన్నీ కలిసి, రక్తప్రవాహంతో సహా, ఒకేచోట జరిగేది కోడిగుడ్డులోని క్యామ్ పొరలో.

ఒక్క పరీక్ష చేస్తే సరిపోదా?

సరిపోదు. కనీసం రెండు కణ పరీక్షలు, ఒక క్యామ్ పరీక్ష ఉండాలి. వీటన్నిటికంటే ముందు, మీరు వాడే మోతాదులో పదార్థం కణాలను చంపడం లేదని చూపాలి. విషం పెట్టినా నాళాలు తగ్గుతాయి. దాన్ని ఎవరూ యాంటీ ఆంజియోజెనిక్ గుణం అనరు.

క్యామ్ అంటే ఏమిటి? ఏ రోజున ఏం జరుగుతుంది?

కోడి పిండం ఊపిరి పీల్చుకోవడానికి పెంకు లోపల ఏర్పడే పొర కొరియోఅల్లాంటాయిక్ మెంబ్రేన్. దాన్నే క్యామ్ అంటాం. కొరియాన్, అల్లాంటాయిస్ అనే రెండు పొరలు పొదగడం మొదలైన సుమారు 5వ రోజుకు కలవడం మొదలుపెడతాయి. అక్కడి నుంచి 10వ రోజు వరకు నాళాలు చాలా వేగంగా అల్లుకుంటాయి. ఆ తర్వాత ఎండోథీలియల్ కణాల విభజన బాగా తగ్గిపోతుంది. పిల్ల 21వ రోజున బయటికి వస్తుంది.

అందువల్ల నాళాలను అణిచే పదార్థాన్ని పరీక్షించేవాళ్లు లేత పొర మీద, అంటే 5, 6 రోజుల వయసులో పెట్టి 48 గంటల్లో చూడాలి. నాళాలను పెంచే పదార్థమైతే 8వ రోజున పెట్టి 12వ రోజున చూడాలి. 11వ రోజున పెట్టి "ఏమీ తేడా లేదు" అని రాసిన రిపోర్టులు వస్తుంటాయి. అప్పటికి పొర పెరుగుదలే నెమ్మదించి ఉంటుంది కాబట్టి ఆ ఫలితానికి విలువ లేదు.

కిరాణా కొట్టులో కొన్న గుడ్లు పనికొస్తాయా?

రావు. లేయర్ ఫారాల్లో పెట్టలను పుంజు లేకుండా పెంచుతారు. ఆ గుడ్లలో పిండం ఉండదు. నాటు కోడిగుడ్లలో పిండం ఉండే అవకాశం ఉన్నా, ఎన్నాళ్ల కిందటివో, ఏ కోడివో తెలియదు. హేచరీకి వెళ్లి, "సెట్టింగ్ గుడ్లు కావాలి, ఒకే మంద నుంచి, పెట్టి 3 రోజులు దాటనివి" అని అడిగి తెచ్చుకోండి. పగుళ్లున్నవి, మరీ పెద్దవి, రెట్ట అంటినవి పక్కన పెట్టేయండి. గుడ్లను నీళ్లతో కడగకూడదు. తడిసిన పెంకు రంధ్రాల గుండా బ్యాక్టీరియా లోపలికి పోతుంది. 70 శాతం ఆల్కహాల్‌లో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు.

వేసవిలో గుడ్లను ఎలా తేవాలి, ఎక్కడ నిల్వ చేయాలి?

మన జిల్లాల్లో సగం ప్రయోగాలు చెడిపోయేది ఇక్కడే. చాలామంది తప్పును కత్తెర మీదకో, మందు మీదకో నెడతారు.

సుమారు 21 డిగ్రీలు దాటితే గుడ్డులో పిండం మేలుకుంటుంది. 30 డిగ్రీల గదిలో ఉంచిన గుడ్డు పూర్తిగా ఎదగలేదు, అలాగని నిద్రలోనూ ఉండదు. అరకొరగా, ఒక్కో గుడ్డు ఒక్కో రకంగా ఎదుగుతుంది. ఆ తర్వాత ఇంక్యుబేటర్లో పెడితే 3వ రోజుకే కొన్ని చచ్చిపోతాయి. మిగిలినవాటి వయసు కూడా ఒకటిగా ఉండదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం బైకు మీద అట్టపెట్టెలో తెచ్చిన గుడ్లతో చేసే ప్రయోగంలో కంట్రోల్ గ్రూపులోనే నాళాల సంఖ్య రెట్టింపు తేడాతో కనిపించడానికి కారణం ఇదే.

తెల్లవారుజామున బయల్దేరండి. థర్మోకోల్ పెట్టెలో అడుగున జెల్ ప్యాకులు, వాటి మీద మందపాటి అట్ట, దాని మీద ట్రే. ప్యాకు గుడ్డుకు నేరుగా తగలకూడదు. ల్యాబులో 14 నుంచి 16 డిగ్రీల మధ్య, వెడల్పు వైపు పైకి ఉండేలా నిల్వ చేయండి. మామూలు ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత చలి పిండానికి మంచిది కాదు. 14 నుంచి 16 డిగ్రీల్లో ఉంచే చల్లటి పెట్టె లేకపోతే 18 డిగ్రీలకు పెట్టిన ఏసీ గదిలో ఉంచి, రెండు మూడు రోజుల్లో వాడేయండి. ఏ పద్ధతిలోనైనా వారం దాటనివ్వద్దు.

ప్రయాణంలో కుదుపులకు గాలి గది కదులుతుంది. తెచ్చిన రోజునే ఇంక్యుబేటర్లో పెట్టకుండా ఒక రాత్రి కదలకుండా ఉంచండి. చల్లటి చోటి నుంచి తీశాక గది వేడికి వచ్చేదాకా ఆగండి. లేదంటే పెంకు మీద చెమ్మ పడుతుంది, దాంతో బూజు వస్తుంది.

ఇంక్యుబేటర్ 37.5కు సెట్ చేశాం, కానీ లోపల 39 చూపిస్తోంది. ఎందుకు?

మామూలు ఇంక్యుబేటర్ వేడి చేయగలదు, చల్లబరచలేదు. బయటి గది కంటే లోపలి వేడి కొన్ని డిగ్రీలు ఎక్కువ ఉన్నప్పుడే అది సరిగ్గా నిలుస్తుంది. మే నెలలో రాత్రి ఏసీ ఆపేసి తాళం వేసి వెళితే, మర్నాడు మధ్యాహ్నానికి గదే 40 అవుతుంది. హీటరు ఆగిపోయినా వేడి దిగదు. పిండానికి రెండు డిగ్రీలు తగ్గడం కంటే రెండు డిగ్రీలు పెరగడమే చాలా ప్రమాదం. కాబట్టి ఇంక్యుబేటర్ ఉన్న గదికి రాత్రీ పగలూ ఏసీ ఉండాలి. కణాలు పెంచే సీఓటూ ఇంక్యుబేటర్‌కూ ఇదే వర్తిస్తుంది.

సెట్టింగు 37.5 నుంచి 37.8 డిగ్రీలు, తేమ 55 నుంచి 60 శాతం. డిస్‌ప్లేను నమ్మకుండా, గుడ్ల ఎత్తులో విడిగా ఒక థర్మామీటరు పెట్టండి. మొదటి మూడు రోజులు గుడ్లను రోజుకు కనీసం మూడుసార్లు తిప్పాలి. కిటికీ తీశాక తిప్పకూడదు. కరెంటు పోతే తలుపు తెరవకండి. గంటసేపు మూసి ఉంచితే లోపలి వేడి పెద్దగా మారదు.

కిటికీ ఎలా తీయాలి?

3వ రోజున చీకటి గదిలో గుడ్డు వెనక టార్చి పెట్టి చూడండి. సాలెగూడులా ఎర్రటి గీతలు, మధ్యలో చిన్న చుక్క కనబడితే పిండం ఉన్నట్టు. ఏమీ కనపడనివి, ఒక ఎర్రటి వలయం మాత్రమే కనపడేవి తీసేయండి. ఆ వలయం చచ్చిపోయిన పిండానికి గుర్తు.

బతికున్న గుడ్డును 20 నిమిషాలు అడ్డంగా పడుకోబెడితే పిండం పైవైపుకు తేలుతుంది. లామినార్ హుడ్‌లో (శుద్ధి చేసిన గాలి వీచే పెట్టెలో) మొన వైపు స్టెరైల్ సూదితో చిన్న రంధ్రం చేసి, 21 గేజ్ సూదిని కిందికి వంచి 2 నుంచి 3 మి.లీ. తెల్లసొనను మెల్లగా లాగండి. సిరంజిలోకి పచ్చసొన వచ్చిందంటే ఆ గుడ్డు పోయినట్టే. తెల్లసొన తీయడం వల్ల లోపలి మట్టం దిగి, పొర పెంకుకు అంటుకోకుండా కిందికి జారుతుంది. ఈ పని దాటేసి కిటికీ కోస్తే పొర చిరిగి రక్తం వస్తుంది. రంధ్రాన్ని టేపుతో మూసేయండి.

ఇప్పుడు పైభాగాన ఒక టేపు ముక్క అంటించి, ఆ టేపు మీదనే వంపు కత్తెరతో సుమారు 1 చదరపు సెంటీమీటరు కిటికీ కోయండి. టేపు ఉంటే పెంకు పొడి లోపల రాలదు. ఇది చాదస్తం కాదు. రాలిన పెంకు పొడి పొరను రేపి, తన చుట్టూ తానే కొత్త నాళాలను లాక్కుంటుంది. మీ మందు ఫలితం అనుకున్నది పెంకు ముక్క ఫలితం అయ్యే ప్రమాదం ఉంది. కిటికీని పారదర్శకమైన టేపుతో గాలి చొరకుండా మూసి గుడ్డును తిరిగి ఇంక్యుబేటర్లో పెట్టండి. మర్నాడు చూసి, చచ్చినవాటిని తీసేశాకే గ్రూపులుగా విడదీయండి.

మందును పొర మీద ఎలా పెట్టాలి?

చుక్కగా వేస్తే కారిపోతుంది. ఏదో ఒక వాహకం కావాలి. మనకు సులువుగా కుదిరేవి మూడు: 5 మి.మీ. ఫిల్టర్ పేపర్ బిళ్ల, మిథైల్ సెల్యులోజ్ బిళ్ల, 1 ఘన మి.మీ. జెలటిన్ స్పాంజి ముక్క. స్పాంజి అన్నిటికంటే మెరుగు. పొరను తక్కువగా రేపుతుంది, కొత్త నాళాలు దానిలోకే చొచ్చుకొస్తాయి కాబట్టి లెక్క తేలిక.

ఆల్కహాల్‌లో కరిగించిన పదార్థమైతే 10 మైక్రోలీటర్లు బిళ్ల మీద వేసి, హుడ్‌లో పూర్తిగా ఆరనిచ్చాకే గుడ్డులో పెట్టండి. తడి ఆల్కహాల్ పొరను కాల్చేస్తుంది. డీఎంఎస్ఓ అనే సాల్వెంట్ త్వరగా ఆరదు కనుక దాన్ని పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పునీటిలో) బాగా పలుచన చేయాలి. అదే శాతం డీఎంఎస్ఓ కంట్రోల్ గుడ్లకూ ఇవ్వాలి. పీహెచ్ 7.4 దగ్గర ఉందో లేదో చూడండి. పుల్లటి ద్రావణం, ఉప్పు ఎక్కువైన ద్రావణం కూడా నాళాలను మార్చేస్తాయి.

వీఈజీఎఫ్ లేదా ఎఫ్‌జీఎఫ్-2 అనే మరో పెరుగుదల ప్రోటీన్‌ను పాజిటివ్ కంట్రోల్‌గా (నాళాలను పెంచుతుందని ముందే తెలిసిన పోలికగా) వాడతారు. కొన్న పొడిని 0.1 శాతం బీఎస్ఏ (ఆవు సీరం ప్రోటీన్) ఉన్న పీబీఎస్‌లో కరిగించి, చిన్న చిన్న వాటాలుగా మైనస్ 80లో దాచండి. ఒకసారి కరిగించిన వాటాను మళ్లీ గడ్డకట్టించవద్దు.

కంట్రోల్ గుడ్లలోనూ బిళ్ల చుట్టూ నాళాలు బండి చక్రం ఆకుల్లా కనిపిస్తున్నాయి. ఏం తప్పు?

అది కొత్త నాళాల లక్షణంలాగే ఉంటుంది, కానీ మూడు కారణాల వల్ల మోసపోవచ్చు. బిళ్ల ఆరేటప్పుడు పొర ముడుచుకుని, పాత నాళాలే మధ్యకు లాగబడి ఉండవచ్చు. వాహకం వల్ల వాపు పుట్టి ఉండవచ్చు. లేదా పెంకు పొడి. పాత నాళాలు దగ్గరికి చేరాయా, కొత్తవి పుట్టాయా తేలాలంటే మందు పెట్టిన రోజు ఫోటో, చివరి రోజు ఫోటో పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి రోజు ఫోటో లేని ప్రయోగాన్ని మేం ఒప్పుకోం.

వాపును తగ్గించడానికి బిళ్లను కార్టిసోన్‌లో నానబెట్టే పద్ధతి కొన్ని ప్రోటోకాల్స్‌లో ఉంది. జాగ్రత్త. హెపారిన్‌తో కలిస్తే కార్టిసోన్ స్వయంగా నాళాల పెరుగుదలను అణిచేస్తుంది. వాడితే అన్ని గ్రూపులకూ వాడాలి.

ఎన్ని గుడ్లు కావాలి? లెక్క ఎలా?

గ్రూపుకు చివరిదాకా బతికినవి 10 ఉండేలా చూసుకోండి. దారిలో కొన్ని పోతాయి కాబట్టి 15తో మొదలుపెట్టాలి. పీబీఎస్ కంట్రోల్, సాల్వెంట్ కంట్రోల్, పాజిటివ్ కంట్రోల్, మూడు మోతాదులు, అంటే ఆరు గ్రూపులు, 90 గుడ్లు. ఏ గ్రూపులో ఎన్ని చచ్చాయో కూడా పట్టికలో రాయాలి. గణాంకాల్లో ఒక గుడ్డు అంటే ఒక నమూనా. ఒకే గుడ్డులో ఐదు చోట్ల లెక్కపెట్టి ఐదు నమూనాలు అని రాయడం తప్పు. లెక్కపెట్టేవాళ్లకు ఏది ఏ గ్రూపో తెలియకూడదు. కోడ్ నంబర్లు వేరొకరు వేయాలి.

ఫోటో తీసేటప్పుడు లైటు పక్కనుంచి పడాలి, పైనుంచి పడితే తడి పొర మెరుస్తుంది. హిమోగ్లోబిన్ ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటుంది. అందుకే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో రంగుల ఫోటోను విడదీసి గ్రీన్ ఛానెల్ తీసుకుంటే నాళాలు నల్లగా, స్పష్టంగా తేలతాయి. నాళాల మొత్తం పొడవు, కొమ్మలు విడిపోయే చోట్ల సంఖ్య, ఈ రెండూ చాలు.

దుగ్గిరాల పసుపు, గుంటూరు మిరప మీద చేస్తున్నాం. ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

మన ప్రాంత విద్యార్థులు ఎక్కువగా ఎంచుకునే పదార్థాలు ఇవే. మంచి ఎంపికే. కానీ రెండిటికీ వేటి చిక్కులు వాటికున్నాయి.

పసుపులోని కర్క్యుమిన్ నీళ్లలో కరగదు, వెలుతురుకు పాడవుతుంది. సీరం లేని 7.2 పీహెచ్ బఫర్‌లో, 37 డిగ్రీల దగ్గర అరగంటలోనే దాదాపు 90 శాతం విచ్ఛిన్నమవుతుంది. 10 శాతం సీరం ఉంటే గంటల తరబడి నిలుస్తుంది. ఉదయం కలిపిన ద్రావణాన్ని సాయంత్రం వాడితే మీరు పరీక్షిస్తున్నది కర్క్యుమిన్‌ను కాదు, దాని శిథిలాలను. ఎప్పటికప్పుడు కలపండి, ద్రావణం ఉన్న ట్యూబుకు అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. ఇంకో చిక్కు: కర్క్యుమిన్ తానే ఆకుపచ్చగా ఫ్లోరెసెన్స్ ఇస్తుంది. ఆకుపచ్చగానే మెరిసే కాల్సీన్ రంగు వేసి కణాల గొట్టాల ఫోటో తీస్తే రెండూ కలిసిపోతాయి. కర్క్యుమిన్ వేసిన బావులకు (ప్లేటులోని గుంటలకు) మామూలు ఫేజ్ కాంట్రాస్ట్ ఫోటోలే తీయండి.

మిరప ఒలియోరెజిన్ ఒక్కో బస్తాకు ఒక్కోలా ఉంటుంది. యార్డు నుంచి తెచ్చిన కాయల సారంలో క్యాప్సైసిన్ ఎంతుందో హెచ్‌పీఎల్‌సీలో కొలవకుండా మోతాదు రాయడంలో అర్థం లేదు. పక్షుల్లోని టీఆర్‌పీవీ1 గ్రాహకం క్యాప్సైసిన్‌కు దాదాపు స్పందించదు. అందుకే చిలకలు మిరపకాయలు హాయిగా తింటాయి. కనుక ఆ గ్రాహకం ద్వారా జరిగే ప్రభావమేదైనా కోడి పిండంలో కనిపించకపోవచ్చు. మనిషి కణాల్లో ఒక ఫలితం, గుడ్డులో మరొక ఫలితం వస్తే ముందుగా దీన్ని గుర్తుచేసుకోండి.

ఏ మొక్క సారమైనా సరే, ఎంటీటీ చేసేటప్పుడు కణాలు లేని బావుల్లో సారం, ఎంటీటీ మాత్రమే వేసి చూడండి. పాలీఫినాల్స్ కణాల సాయం లేకుండానే ఎంటీటీని ఊదా రంగుకు మార్చేస్తాయి. అలాంటప్పుడు చచ్చిన కణాలు కూడా బతికున్నట్టు లెక్కలోకి వస్తాయి.

హ్యూవెక్ కణాలను (బొడ్డుతాడు సిరలోని ఎండోథీలియల్ కణాలను) బొడ్డుతాడు నుంచి మేమే తీయవచ్చా?

తీయవచ్చు. సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లి రాతపూర్వక సమ్మతి ముందుగా ఉండాలి. ప్రసవమైన వెంటనే 15 నుంచి 20 సెం.మీ. తాడును స్టెరైల్ పీబీఎస్‌లో వేసి, 4 డిగ్రీల దగ్గర ఉంచి, 24 గంటల్లోపు వాడాలి. క్లాంపు పడిన చోట్లను కోసి పారేయండి. తాడు కోతలో మూడు నాళాలు కనిపిస్తాయి. మందపాటి గోడతో ముడుచుకుని ఉన్న రెండూ ధమనులు, పలుచటి గోడతో వదులుగా తెరుచుకున్నది సిర. ఆ సిరలోకి కాన్యులా దూర్చి కట్టి, రక్తం పోయేదాకా పీబీఎస్‌తో కడగండి. 0.1 శాతం టైప్ 1 కొల్లాజినేజ్ నింపి 37 డిగ్రీల దగ్గర 10 నుంచి 15 నిమిషాలు. అంతకు మించితే కింది పొర నుంచి కండర కణాలు, ఫైబ్రోబ్లాస్టులు కూడా ఊడి వస్తాయి, వారంలో అవే ఫ్లాస్కంతా నిండుతాయి.

కణాలను 250 జీ వద్ద 5 నిమిషాలు తిప్పి, జెలటిన్ పూసిన ఫ్లాస్కులో వేయండి. మర్నాడు ఎర్ర రక్తకణాలను కడిగేయాలి. రాళ్లు పరిచిన నేలలా ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తే మంచి లక్షణం. ఎండోథీలియల్ కణాలను గుర్తించే సీడీ31 రంగుతో రుజువు చేసుకోండి. 2 నుంచి 6 పాసేజీల (కొత్త ఫ్లాస్కులోకి మార్చిన సార్ల) మధ్యే వాడాలి. ఒకే తాడు కణాలతో మూడుసార్లు చేయడం కంటే మూడు వేర్వేరు తాడులతో చేస్తే ఫలితానికి బలం.

మాట్రిజెల్ బావిలో ఉండలు కట్టింది. ఎక్కడ పొరపాటు?

చల్లదనం చాలలేదు. మాట్రిజెల్ 10 డిగ్రీలు దాటితేనే గడ్డకట్టడం మొదలవుతుంది. ముందు రాత్రే సీసాను ఐసు పెట్టెలో ఉంచి, ఆ పెట్టెను ఫ్రిజ్‌లో పెట్టి కరగనివ్వండి. టిప్పులు, ప్లేటు కూడా ఫ్రీజర్‌లో చల్లబరచండి. 96 బావుల ప్లేటుకు బావికి 50 మైక్రోలీటర్లు, బుడగ రాకుండా, పిపెట్‌ను రెండో ఆగుడు దాకా నొక్కకుండా. తర్వాత 37 డిగ్రీల దగ్గర 30 నుంచి 60 నిమిషాలు. దాని మీద 100 మైక్రోలీటర్లలో 15 నుంచి 20 వేల కణాలు. కణాలు తక్కువైతే గీతలు అతకవు, ఎక్కువైతే చాపలా పరుచుకుంటాయి.

4 గంటల నుంచి చూడటం మొదలుపెట్టండి. చాలా ప్రయోగాల్లో 6 గంటలకు అల్లిక బాగుంటుంది, 24 గంటలకు దానంతట అదే తెగిపోతుంది. రాత్రి పెట్టి మర్నాడు తీరిగ్గా ఫోటో తీస్తే కంట్రోల్‌లోనూ గొట్టాలు ఉండవు. నాళాలను పెంచే పదార్థాన్ని పరీక్షిస్తుంటే గ్రోత్ ఫ్యాక్టర్లు తగ్గించిన మాట్రిజెల్ కొనాలి.

స్క్రాచ్ పరీక్షలో గుర్తుంచుకోవాల్సింది?

కణాల పొర మీద గీత గీసేముందు ప్లేటు అడుగున మార్కరుతో గుర్తు పెట్టండి. 0 గంటల ఫోటో, 12 గంటల ఫోటో ఒకే చోటివి కావాలి. గీశాక రెండుసార్లు పీబీఎస్‌తో కడిగి, తక్కువ సీరం మీడియం వేయండి. విభజన వల్ల ఖాళీ పూడితే అది కదలిక కాదు.

జీబ్రాఫిష్, అయోర్టిక్ రింగ్ మన దగ్గర సాధ్యమేనా?

జీబ్రాఫిష్ సాధ్యమే. పిండాలను 28.5 డిగ్రీల దగ్గర ఉంచాలి, అంటే మనకు వేసవిలో హీటరు కంటే చల్లబరిచే చిల్లర్ యంత్రమే ముఖ్యం. 24 గంటల వయసున మందు మొదలుపెట్టి, వెన్ను పొడవునా ఉండే ఇంటర్‌సెగ్మెంటల్ నాళాలను లెక్కపెడతారు. నాళాలు ఆకుపచ్చగా మెరిసే ఫ్లై1 రకం చేపలు లేకపోతే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రంగు వేయవచ్చు. అయోర్టిక్ రింగ్‌కు (ప్రధాన ధమని ముక్క నుంచి నాళాలు మొలిపించే పరీక్షకు) ఎలుక కావాలి, కాబట్టి జంతు ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పదు. దాని జోలికి మొదటి ప్రాజెక్టులో వెళ్లకపోవడమే మేలు.

గుడ్లకు అనుమతి కావాలా? ప్రయోగం అయ్యాక ఏం చేయాలి?

పని మొదలుపెట్టకముందే మీ సంస్థ జంతు ఎథిక్స్ కమిటీకి రాతపూర్వకంగా ప్రోటోకాల్ ఇచ్చి, వాళ్ల జవాబును ఫైల్లో ఉంచండి. 14వ రోజు దాటనివ్వకండి. ఈ పేజీలోని పద్ధతులన్నీ 12వ రోజుకు ముగుస్తాయి. గుడ్లను రాత్రంతా మైనస్ 20లో ఉంచి, బయోమెడికల్ వ్యర్థాల పసుపు సంచిలో ఇవ్వాలి. హాస్టల్ వెనక చెత్తకుండీలో వేయకూడదు.

మా సారం నాళాలను తగ్గించింది. "క్యాన్సర్‌కు మందు" అని థీసిస్‌లో రాయవచ్చా?

రాయకూడదు. ఏ సారం, ఏ సాల్వెంట్, బిళ్లకు ఎన్ని మైక్రోగ్రాములు, ఏ రోజున పెట్టి ఎన్ని గంటలకు చూశారు, సాల్వెంట్ కంట్రోల్‌తో పోలిస్తే కొమ్మల సంఖ్య ఎంత శాతం తగ్గింది, ఎన్ని గుడ్లలో, అదే మోతాదులో హ్యూవెక్ కణాలు ఎంత శాతం బతికాయి, ఇవి రాయండి. వైవాలో పరీక్షకులు అడిగేవి కూడా ఇవే. సాల్వెంట్ కంట్రోల్ ఫోటోలను ప్రింటు తీసి దగ్గర ఉంచుకోండి.